ఎనభయ్యో గడిలో ఏడు

ఆ శుక్రవారం ఉదయం నా సంచిలో ఉన్నవి ఇవి: సదస్సు ప్రవేశపత్రం, రెండు పెన్నులు, పన్నెండు ప్రశ్నలు రాసుకున్న కాగితం, నలభై మూడు పేర్లు అచ్చయిన పచ్చగీతల కంప్యూటర్ కాగితం. మొదటి మూడూ కావాలని పెట్టుకున్నవి. నాలుగోది ముందురోజు ఆఫీసులో చూస్తూ చూస్తూ సంచిలో వేసుకుని మరిచిపోయింది. చివరికి అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది అదే.

నేను అప్పుడు రెజిమెంటల్ బజార్‌లో, ఒక స్టీలు సామాన్ల దుకాణం పైన ఉండే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాను. డిగ్రీ చేతికొచ్చి రెండేళ్ళయింది. మా పని కొత్త ప్రోగ్రాములు రాయడం కాదు, పాతవి సరిచేయడం. సంవత్సరాన్ని రెండంకెలతోనే రాసుకున్న ప్రోగ్రాములు రెండు వేల సంవత్సరం రాగానే సున్నా సున్నా చూసి వందేళ్ళు వెనక్కి పోతాయని అందరూ భయపడుతున్న రోజులవి. నాకు అప్పగించింది ఒక పెద్ద కార్యాలయం వాళ్ళ పింఛన్ల ప్రోగ్రాం. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా అన్ని జిల్లాల్లో ఉన్న వాళ్ళ రిటైరైన ఉద్యోగులకు, చనిపోయిన ఉద్యోగుల భార్యలకు నెలనెలా పింఛను పంపేది అదే.

మా పద్ధతి ఇది. ప్రోగ్రాంలోని ప్రతి పంక్తినీ ఒక పట్టికలో రాయాలి. దానికెదురుగా మూడు గడులు: ఉంచాలి, మార్చాలి, తీసెయ్యాలి. మూడింట్లో ఒకదానికి టిక్కు పెట్టి, నాలుగో గడిలో కారణం రాయాలి. నాకు ఆ పట్టిక అంటే ఇష్టం. నాలుగు వేల పైచిలుకు పంక్తుల్లో ఒక్కదానికి తప్ప అన్నిటికీ కారణం రాశాను. ఆ ఒక్కటీ ఆరు వారాలుగా ఖాళీగా ఉంది.

ఆ పంక్తి సంగతి చెప్పాలి. పింఛను తీసుకునేవాళ్ళు ఏటా నవంబరులో కార్యాలయానికి వచ్చి, అధికారి ఎదుట, తాము బతికే ఉన్నామని సంతకం పెట్టాలి. పెట్టనివాళ్ళకు ప్రోగ్రాం పింఛను ఆపేస్తుంది. ఇంతవరకూ అర్థమయ్యేదే. ఆ వెంటనే ఒక పంక్తి ఉంది: ఎనభయ్యో గడిలో ఏడు ఉంటే ఆపవద్దు. ఈ వివరాలన్నీ ఒకప్పుడు అట్టకార్డుల మీద రంధ్రాలుగా ఉండేవి. ఒక్కో కార్డుకు ఎనభై గడులు. తర్వాత అవే వివరాలు టేపుల మీదికి, అక్కడి నుంచి డిస్కుల మీదికి వచ్చాయి గానీ ఎనభై గడులు అలాగే మిగిలాయి. దాదాపు అందరికీ చివరి గడి ఖాళీ. నలభై ముగ్గురికి మాత్రం ఏడు. ఎందుకని కార్యాలయం వాళ్ళను అడిగాను. ఎప్పటి నుంచో ఉందన్నారు.

మా మేనేజర్ కేకలు వేసే మనిషి కాదు. పట్టికలో ఖాళీ గడి చూపించి, "ఇదేంది బాస్, పన్ను ఊడినట్టు?" అన్నాడు.

"కారణం తెలియలేదు సార్."

"కారణం లేని లైను ఉంచితే వాళ్ళ ఆడిట్ ఒప్పుకోదు. సోమవారం అప్పగించాలె. ఈలోపల కారణం రాయి, లేదంటే తీసెయ్."

"తీసేస్తే ఆ నలభై మూడు మందికి పింఛను ఆగిపోతుంది సార్."

"వాళ్ళొచ్చి సంతకం పెడితే ఆగదు గదా."

ఆయన మాటలో తప్పు లేదు. అయినా నా చెయ్యి తీసెయ్యడం మీదికి పోలేదు.

ప్రోగ్రాం మొదట్లో, రాసినవాళ్ళవి కాబోలు, రెండు పేర్ల పొడి అక్షరాలు ఉన్నాయి. సికింద్రాబాద్‌లో ఒక హోటల్లో రెండు రోజుల సాఫ్ట్‌వేర్ సదస్సు జరుగుతోందని, మన రాష్ట్రంలో కంప్యూటర్ల మీద తొలినాళ్ళలో పనిచేసిన పెద్దలను అందులో సన్మానిస్తున్నారని వచ్చిన కరపత్రంలో నాకు కనిపించినవి సరిగ్గా ఆ అక్షరాలతో మొదలయ్యే రెండు పేర్లు. ఒక ఆయన, ఒక ఆవిడ. ఇద్దరూ ఆ కార్యాలయం కంప్యూటర్ విభాగంలో మొదటివాళ్ళు. మేనేజర్‌ను అడిగి సెలవు తీసుకున్నాను. పన్నెండు ప్రశ్నలు రాసుకున్నాను. మొదటి ప్రశ్న, సంవత్సరానికి రెండంకెలే ఎందుకు వాడారు. రెండోది ఏడు సంగతి. మిగతా పదీ ఇప్పుడు గుర్తు లేవు.

మల్కాజ్‌గిరిలో లోకల్ ఎక్కి సికింద్రాబాద్‌లో దిగి హోటల్‌కు నడిచాను. హాలంతా చల్లగా ఉంది. ఎవరి మెడలో చూసినా అట్ట బిళ్ళ, ఎవరి చేతిలో చూసినా విజిటింగ్ కార్డులు. నాకు కార్డు లేదు కాబట్టి నాలుగో వరసలో కుర్చీ చూసుకుని కూర్చున్నాను.

పెద్దలంటే ఎలా ఉంటారని ఊహించుకున్నానో చెప్పలేను గానీ, అలా మాత్రం కాదు. ఆయన సన్నగా, తెల్ల చొక్కా జేబులో టెస్టర్ పెట్టుకుని ఉన్నారు. మాట్లాడేటప్పుడు మైకు కీచుమంటే ఆయనే వంగి వైరు సరిచేశారు. ఆవిడ గంజి పెట్టిన నేత చీరలో, కళ్ళజోడు గొలుసుతో, బడి ప్రేయర్‌కు నిలబడినంత నిటారుగా ఉన్నారు.

ఆయన చెప్పింది: "మా బిల్డింగ్ మొత్తం మీద ఏసీ ఉన్నది మిషన్ రూముకే. ఎండాకాలం వచ్చిందంటే పెద్ద పెద్ద ఆఫీసర్లందరికి కంప్యూటర్ మీద ప్రేమ పుట్టేది. ఫైలు పట్టుకొని వచ్చి కూసునేటోళ్ళు. వానకాలంల కార్డులు నెమ్ము పట్టి ఉబ్బి మిషన్ల ఇరుక్కునేటివి. ఇనుప బీరువల బల్బు పెట్టి, కోడిపిల్లల లెక్క కాపాడినం."

అందరూ నవ్వారు. ఆవిడ చెప్పింది నేను రాసుకున్నాను. "నేను క్రైస్తవ మిషనరీల బడిలో లెక్కలు చెప్పేదాన్ని. పరీక్ష పెట్టి తీసుకున్నారు. మా పని ఎలా ఉండేదంటే, ఒకరు కొట్టిన కార్డును ఇంకొకరు మళ్ళీ మొదటి నుంచి కొట్టాలి. రెండూ కలిస్తేనే ఆ కార్డు పాసయినట్టు. కలవకపోతే మిషన్ ఆగిపోయేది. కానీ ఒక్కటుంది. ఇద్దరం ఒకే తప్పు చేస్తే మిషన్‌కి తెలియదు."

తర్వాత మాట్లాడినవాళ్ళు ఇంటర్నెట్టు గురించి, రాబోయే కాలం గురించి చెప్పారు. అవేవీ రాసుకోలేదు. నాకు ఆ ఇద్దరినీ ఇంకా వినాలనిపించింది. నేను ఆరు వారాలుగా గుడ్లప్పగించి చూస్తున్న పంక్తులకు మనుషులు ఉన్నారన్న సంగతి అప్పుడే తెలిసినట్టుగా ఉంది.

టీ విరామంలో ముందు ఆయన దొరికారు. బిస్కెట్టు టీలో ముంచుతున్నారు. నా సంగతి చెప్పి, ఎనభయ్యో గడి అడిగాను.

"ఏడా? అబ్బో. అది ఇంకా ఉన్నదా?"

"ఉంది సార్. ఎందుకు పెట్టారు?"

"నేనేడ పెట్టిన తమ్మీ. అది టీచరమ్మ ఖాతా. ఆమెనడుగు."

"టీచరమ్మంటే?"

"గా మేడమే. బడిల లెక్కలు చెప్పి వచ్చింది గద. మా అందరికి సుత బెత్తం లేని టీచరే."

ఆవిడ హాలు అవతలి చివర ఉన్నారు. మనుషుల్ని తప్పించుకుంటూ వెళ్ళి అడిగాను. ఆవిడ తల ఊపారు.

"అది ఇంజనీరు గారిని అడగాలి బాబూ. ఆయన చూసుకునే పని."

"ఇంజనీరు గారంటే ఎవరండీ?"

"ఇందాక నువ్వు మాట్లాడావే, ఆయనే. ఇంజనీరేం కాదులే. మిషన్ ఆగితే స్పానర్ పట్టుకుని కిందికి దూరేవారు. ఆ పేరు మేం పెట్టిందే."

"సార్ మిమ్మల్ని అడగమన్నారు మేడం."

"అలాగా. ఆయనకు మర్యాద ఎక్కువ." ఆవిడ నవ్వి, ఎవరో ఫోటో కోసం పిలిస్తే వెళ్ళిపోయారు.

తిరిగి ఆయన దగ్గరికి వెళ్ళేసరికి టీ అయిపోయింది, ఆయనా లేరు. సాయంత్రం లోకల్లో ప్రశ్నల కాగితం వెనక రాసుకున్నాను. ఒకటి, ఆయన పెట్టి ఆవిడకు పేరు ఇస్తున్నారు. రెండు, ఆవిడ పెట్టి ఆయనకు పేరు ఇస్తున్నారు. మూడు, ఇద్దరికీ గుర్తు లేదు. నాలుగు, అది చెయ్యకూడని పని కాబట్టి ఒకరి మీద ఒకరు నెడుతున్నారు. నాలుగింటినీ దేనికది సరిచూశాను. ఇద్దరి ముఖాల్లోనూ దాపరికం లేదు, మరపూ లేదు. మర్యాద కోసం అబద్ధమాడే మనుషుల్లా కూడా లేరు. నాలుగూ కొట్టేశాను. అయిదోది తోచలేదు. మల్కాజ్‌గిరి వస్తే దిగాను.

శనివారం మధ్యాహ్నం సన్మానం జరిగింది. ఇద్దరికీ శాలువాలు, గంధపు దండలు, గాజు జ్ఞాపికలు ఇచ్చారు. నేను చప్పట్లు కొడుతూనే వాళ్ళు భోజనానికి ఏ తలుపులోంచి వెళ్తారో చూసుకున్నాను. ఈసారి ఒకరు దొరికితే లాభం లేదు, ఇద్దరూ ఒకేచోట దొరకాలి. పెరుగన్నం గిన్నె దగ్గర దొరికారు. ముగ్గురం ఒక మూల బల్ల దగ్గర కూర్చున్నాం.

"సార్, మీరు మేడం అన్నారు. మేడం, మీరు సార్ అన్నారు. నాకు సోమవారం దాకానే సమయం ఉంది," అన్నాను.

"ఏందమ్మా, నా మీదేస్తున్నవ్?" అన్నారాయన.

"మీదెయ్యడమేంటండీ, మీ పనే కదా."

"నా పనా? ఏడో ట్రే ఎవరిది?"

"ట్రే నాది. స్కూటర్ ఎవరిది?"

నేను ఇద్దరి వైపూ మార్చి మార్చి చూశాను. ట్రే ఏమిటో, స్కూటర్ ఏమిటో అడిగాను. ఆవిడ చెయ్యి ఎత్తి ఆయన్ని ఆపి, బల్ల మీద వేలితో గీసి చూపించారు. కార్డుల బీరువాలో ఏడు ట్రేలు ఉండేవట. ఆరింట్లో జిల్లాల వారీగా పింఛనుదార్ల కార్డులు. ఏడోది విడిగా. కార్యాలయం మూడో అంతస్తులో ఉండేది, లిఫ్టు లేదు. మంచం పట్టినవాళ్ళు, చూపు పోయినవాళ్ళు మెట్లెక్కి వచ్చి సంతకం ఎలా పెడతారు? అలాంటివాళ్ళ కార్డులు ఆవిడ ఏడో ట్రేలో వేసుకున్నారు. నవంబరు మొదలవగానే శనివారం మధ్యాహ్నాలు ఆయన స్కూటర్ నడిపితే, ఆవిడ వెనక కూర్చుని, ఇల్లిల్లూ తిరిగి, మనిషిని చూసి, వేలిముద్ర వేయించుకుని వచ్చేవారు. దూరపు ఊళ్ళలో ఉన్నవాళ్ళ కోసం అక్కడి హైస్కూలు హెడ్మాస్టర్లకు ఉత్తరాలు రాసేవారు. వాళ్ళు చూసి, సంతకం చేసి పంపేవారు.

"అందరిని చూసొచ్చేసరికి జనవరి ఆయె," అన్నారాయన. "మిషన్ నవంబర్ ఆఖరికే కత్తిరిస్తది. అందుకని, ఏడు చూస్తే జెర ఆగు, మేము పోయొస్తం అని దానికి చెప్పినం. గంతే."

"ఆ పంక్తి రాసింది ఎవరు?"

"ఆమె చెప్పింది, నేను కొట్టిన."

"ఆయన కొట్టారు, నేను వెరిఫై చేశా."

నాకు సంతోషమేసింది. కారణం దొరికింది. పట్టికలో నాలుగో గడిలో రాయవలసిన వాక్యం మనసులో కూర్చుకుంటూనే, పూర్తిగా ఉండాలి కాబట్టి, ఇంకొక్క ప్రశ్న అడిగాను. "ఇప్పుడు ఎవరు వెళ్తున్నారు?"

ఆయన ఆవిడను చూపించారు. ఆవిడ ఆయన్ని చూపించారు. ఇద్దరి చేతులూ అలాగే కాసేపు గాలిలో ఉండిపోయాయి.

"నేను రిటైరయ్యేటప్పటికి మీరున్నారుగా," అన్నారావిడ.

"నన్ను స్టోర్సుకు మార్చిన్రు గదమ్మా. నీకంటే ఆర్నెల్ల ముందే."

"స్టోర్సు ఆ బిల్డింగేగా. శనివారాలు మీరు వెళ్తున్నారనే అనుకున్నా."

"బండి నాది. లిస్టు నీ తాననే ఉండె. నువ్వు పోతున్నవనుకున్న. ఆటోల పోతుండొచ్చు అనుకున్న."

"నాకు చెప్పొద్దా?"

"నువ్వు చెప్పినవా?"

ఆవిడ కంచం కొంచెం ముందుకు జరిపారు. "ఎన్నేళ్ళయిందండీ?"

"పదకొండు," అన్నారాయన. లెక్కపెట్టుకోకుండానే చెప్పారు.

పదకొండేళ్ళుగా ప్రోగ్రాం తనకు చెప్పినట్టే చేస్తోంది. ఏడు చూస్తోంది, ఆగుతోంది. వీళ్ళు వెళ్ళి చూసి వస్తారని ఆగుతోంది. నా చదువు ప్రకారం ప్రోగ్రాం అంటే రాసి ఉన్నది. దానికి బయట ఉన్నది దాని భాగం కాదు. ఇక్కడేమో సగం పంక్తి నా పట్టికలో ఉంది, మిగతా సగం పదకొండేళ్ళుగా బయల్దేరని స్కూటర్ మీద ఉంది. ఇంత చిన్న పంక్తి నాకు ఆరు వారాలు అర్థం కాకపోవడంలో వింత లేదు. అర్థమయ్యాక మరింత గందరగోళంగా ఉండటమే వింత.

నా చిక్కు వాళ్ళకు చెప్పాను. పంక్తి తీసేస్తే, ఆ నలభై ముగ్గురిలో బతికున్నవాళ్ళు ఈ నవంబరుతో పింఛను పోగొట్టుకుంటారు. మెట్లెక్కలేరు కాబట్టే కదా ఏడులో ఉన్నారు. ఉంచితే, ఆడిట్‌కు చెప్పడానికి కారణం లేదు. ఉన్న కారణం పదకొండేళ్ళ కిందట ఆగిపోయింది.

"ఆ నలభై మూడు పేర్లూ నీకు తెలుసా?" అని అడిగారావిడ.

అప్పుడు సంచిలో ఉన్న కాగితం గుర్తుకొచ్చింది. బయటివాళ్ళకు చూపించకూడనిది. నేను చేరిన రోజు అలాగని సంతకం చేశాను. వీళ్ళు బయటివాళ్ళా? ఆ కార్డులు తమ చేతులతో కొట్టినవాళ్ళు. అయినా రిటైరయ్యారు. అయినా... నేను తేల్చుకునేలోపు ఆవిడ చెయ్యి కడుక్కుని వచ్చి కళ్ళజోడు పెట్టుకున్నారు. తీసి ఇచ్చాను. తప్పే చేశానేమో, ఇప్పటికీ తెలియదు.

ఆవిడ వేలితో ఒక్కో వరుసా దిగారు. జంటనగరాల చిరునామాలు పదకొండు ఉన్నాయి. "ఈవిడ పోయింది. సమాధుల తోటలో పూడ్చేటప్పుడు నేనున్నా. ఈయన పోయాడు. ఈవిడా లేదు..." ఆయన పక్క నుంచి చూసి ఇంకో ఇద్దరిని చెప్పారు. ఆరు పేర్లు మిగిలాయి. అందులో ఒకటి మల్కాజ్‌గిరి. చిరునామా చదివితే, అది నేను రోజూ స్టేషన్‌కు నడిచే సందు. ఆరు వారాలుగా ఆ కాగితంలో నేను చూసింది ఎనభయ్యో గడినే. చిరునామా ఇరవయ్యో గడి నుంచి మొదలవుతుంది.

"పోదాం పా," అన్నారాయన, లేస్తూ.

"ఇప్పుడా? గ్రూప్ ఫోటో ఉందన్నారు," అన్నాను.

"మేము లేకుంటే అందులో ఇంకో ఇద్దరు పడతరు తమ్మీ."

ముగ్గురం ఆటోలో వెళ్ళాం. ఆవిడ శాలువా మడిచి జ్ఞాపికకు చుట్టుకున్నారు. ఆయన తీయనే లేదు. శాలువాతోనే దిగి, సందు మలుపులో ఒక ఇంటి వెనక వాటాకు దారి కనుక్కున్నారు. గుమ్మం పక్కన తులసి కుండీ, లోపల ఒక మంచం, మంచం మీద గోడకు ఆనుకుని ఒక ముసలమ్మ. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ మా వైపు తిరగలేదు, చెవి తిరిగింది.

"ఎవలు?"

"ఆఫీసు నుంచి వచ్చామమ్మా," అన్నారావిడ.

ముసలమ్మ ఆ గొంతు వైపు చెవి ఇంకొంచెం వంచింది. "స్కూటర్ టీచరమ్మవా?"

"ఆ."

"గిన్నేండ్లకా? ఇంకో సారున్నడు గద, దారిలంత తిట్టించుకునేటోడు?"

"ఉన్నా ఉన్నా," అన్నారాయన. "తిట్లు సుత తగ్గలే."

ఆవిడ మంచం అంచున కూర్చుని ముసలమ్మ చెయ్యి పట్టుకున్నారు. "మేం రాలేదు కదా. మీరేం అనుకున్నారమ్మా?"

"ఏమనుకుంట? పింఛన్ వస్తనే ఉండె. మిషన్‌కు ఎర్కనే అనుకున్న, నేను ఉన్ననని. నవంబర్ వస్తె శనివారం శనివారం ఉతికిన చీర కట్టుకొని కూసుంటున్న. ఒకయాల్ల మల్ల వస్తరేమోనని." ఆపి, నేను నిలబడ్డ వైపు ముఖం పెట్టింది. "గీ మూడో మనిషి ఎవరు? ఊపిరి వినొస్తుంది, మాటనే లేదు."

"మిషన్ సరిచేసే అబ్బాయి," అన్నారావిడ.

"పాడైందా?"

లేదన్నాను. తర్వాత, కొంచెం అన్నాను. ప్రోగ్రాంలో ఒక్క తప్పూ లేదని ఆమెకు ఎలా చెప్పాలో, చెబితే అది మంచి వార్తో చెడ్డ వార్తో నాకు తోచలేదు.

మా దగ్గర ఫారాలు లేవు. ఆవిడ నా చేతిలోని పన్నెండు ప్రశ్నల కాగితం తీసుకుని, వెనక మిగిలిన ఖాళీలో ఆమె పేరు రాసి, స్వయంగా చూశామని రాసి, ఇద్దరూ సంతకాలు చేశారు. నా పెన్ను సిరా ముసలమ్మ బొటనవేలికి పూసి ముద్ర వేయించారు. కింద తేదీ వేశారు. నేను వంగి చూశాను.

"మేడం, సంవత్సరం నాలుగంకెలు వెయ్యాలండీ."

ఆవిడ కళ్ళజోడు మీద నుంచి చూశారు. "నాలుగెందుకు బాబూ? వచ్చే ఏడాది మళ్ళీ వచ్చి కొత్తది వేయించుకుంటాంగా. ఏడాది కోసం రాసిన కాగితానికి వందేళ్ళు తెలియాల్సిన పనేముంది?"

నా మొదటి ప్రశ్నకు జవాబు అదే అనుకుంటాను. అడగనే లేదు గానీ వచ్చింది. కాగితం తీసుకున్నాక ముందున్న రెండంకెలూ నేనే వేశాను.

ఆ సాయంత్రమూ, మర్నాడు ఆదివారం ఆవిడ చర్చికి వెళ్ళొచ్చాకా, మిగతా అయిదుగురి ఇళ్ళకూ వెళ్ళాం. ముగ్గురు కనిపించారు. ఒకరు చనిపోయి చాలాకాలమైంది. ఒకరి ఇల్లు ఉన్నచోట ఇంకేదో కట్టడం లేచింది, ఎవరికీ ఏమీ తెలియదు. ఆ ఒక్కరి ఎదురుగా ఏం రాయాలో తెలియక ప్రశ్నార్థకం పెట్టాను.

సోమవారం పొద్దున్నే వాళ్ళిద్దరూ ఆ కార్యాలయం మూడో అంతస్తుకు మెట్లెక్కి వెళ్ళారు. ఇప్పటికీ లిఫ్టు లేదు. నేను కింద నిలబడి, వాళ్ళు ప్రతి మలుపు దగ్గరా ఆగడం చూశాను. పైన అధికారితో ఏం మాట్లాడారో నాకు తెలియదు. దిగి వచ్చాక ఆయన చెప్పింది ఇంతే: రిటైరైన ఉద్యోగులు వెళ్ళి చూసి సంతకం పెట్టొచ్చు, అయితే చూసిన తేదీ మిషన్లో ఉండాలి, ఏడాది దాటితే ఏడు చెల్లదు. చనిపోయినవాళ్ళ పేర్లు రాతపూర్వకంగా ఇవ్వాలి. దూరపు ఊళ్ళ పేర్లకు ఆవిడ మళ్ళీ ఉత్తరాలు రాస్తారు.

"ఇంకోటి," అన్నారాయన. "ఏటా అక్టోబర్ల మిషన్ గా లిస్టు అచ్చేసి ఒకరికి పంపాలె. ఎవరికో ఒక పేరు రాయాలె."

"మీ ఇద్దరివీ రాస్తాను సార్."

"వద్దు. ఇద్దరివి ఉంటేనే గిట్లయింది. ఒక్కటే రాయి."

"అయితే మేడందా, మీదా?"

ఇద్దరూ నా వైపే చూశారు. "మాకు మోకాళ్ళు ఎన్నాళ్ళుంటాయో," అన్నారావిడ. "నువ్వు రాసుకో బాబూ. వెళ్ళేటప్పుడు మమ్మల్ని పిలు, వస్తాం. పిలిచేవాడు మాత్రం ఒకడే ఉండాలి."

నేను ఆ కార్యాలయం ఉద్యోగిని కాను. రేపు ఉంటుందో లేదో తెలియని చిన్న కంపెనీలో జీతగాణ్ణి. ఇందుకు నాకు అర్హత ఉందో లేదో ఎవరిని అడగాలో కూడా తెలియదు. అయినా ఆఫీసుకు వచ్చి పట్టిక తెరిచి, ఆ పంక్తికి ఎదురుగా 'మార్చాలి' అన్న గడిలో టిక్కు పెట్టాను. కారణం గడిలో మూడుసార్లు రాసి మూడుసార్లు కొట్టేశాను. నాలుగోసారి ఇలా రాశాను: వీరి దగ్గరికి మనిషి వెళ్ళి చూడాలి, చూసేదాకా ప్రోగ్రాం ఆగాలి. జాబితా అందవలసిన వ్యక్తి: నా పేరు.

మేనేజర్ నిలబడే చదివాడు. తర్వాత కుర్చీ లాక్కుని మళ్ళీ చదివాడు.

"కారణం ఓకే. గీ పేరేంది బాస్, నీది?"

"ఒక్క పేరే ఉండాలన్నారు సార్."

"రేపు నువ్వు ఉద్యోగం మారితివనుకో. అప్పుడు?"

పదకొండేళ్ళ కిందట వాళ్ళిద్దరూ ఒకరినొకరు అడగని ప్రశ్న ఇదే. వాళ్ళు నా కంటే తెలివైనవాళ్ళు. పట్టికలో ఇంకో గడి గీసుకోవచ్చా అని అడిగాను.

"ఏం రాస్తవ్ అందులో?"

"మారేటప్పుడు ఎవరికి చెప్పానో. ఆ మనిషి విన్నాడని ఆ మనిషి సంతకం."

"ఒక్క లైనుకు కొత్త గడా?"

"అవును సార్."

ఆయన బల్ల మీది స్కేలు నా వైపు తోసి, గీసుకో అన్నాడు. స్కేలు పెట్టి గీశాను. నాలుగు వేల పైచిలుకు పంక్తుల పక్కన పై నుంచి కింది దాకా ఖాళీగా ఉన్న ఆ గడిలో, నింపవలసిన చోటు ఆ పంక్తి ఎదురుగా ఒక్కటే. అక్కడ ఎవరి పేరు వస్తుందో నాకింకా తెలియదు.